ఈఈ వచ్చింది

ఆ పొద్దున మల్లికార్జున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పుట్టింటి నుంచి నిన్ననే దిగిన పెళ్ళాం హేమావతికీ, మూడు నెలల కూతురికీ కొత్త బాయిలర్లో వేడినీళ్ళు పట్టించి, అత్త హనుమంతమ్మ ముందు ఒకసారి మీసం దువ్వి, బస్సెక్కి రాయదుర్గంలోని జీన్స్ యూనిట్‌కు పోవడం. అక్కడ అతను కటింగ్ మాస్టరు. కట్టలు కట్టలుగా ప్యాంటు గుడ్డను ఒక్క గీతలో కోసేసే మనిషికి ఇదొక పనా?

మీసం దువ్వేంత ఘనత బాత్‌రూం గోడకు వేలాడుతోంది. బెంగళూరులో విదేశీ బయ్యర్లు దిగే గెస్ట్‌హౌసు ఒకటి మూతబడితే, అందులోని గ్యాస్ బాయిలర్‌ను పాత సామాన్ల అంగట్లో పట్టుకొచ్చాడు మాస్టరు. కుళాయి తిప్పితే లోపల దానంతటదే మంట వెలుగుతుంది. ముందు చిన్న అద్దం, అందులో ఎర్ర అంకెలు. మిద్దె మీది తొట్టి ఎత్తు చాలదని, బెంగళూరు మెకానిక్ దాన్ని నేరుగా ఊరి నీళ్ళ పైపుకే కలిపి పోయాడు. ఆ సంబరంలో మల్లికార్జున ఇంట్లో నీళ్ళు కాచే రాగి హండాను అంగట్లో మార్చి స్టీలు బిందెలు తెచ్చుకున్నాడు. ఆ హండా పెళ్ళికి అత్త పెట్టింది. ఈ ముక్క అత్తకు నిన్న సాయంత్రం తెలిసింది.

హనుమంతమ్మది చిలమత్తూరు. అల్లుడితో నేరుగా మాట్లాడడం ఆమెకు మర్యాద కాదు. అల్లుడు మూరెడు దూరంలో కూర్చున్నా సరే, మాట కూతురి మీదుగానే పోవాలి.

"హేమా, మీ ఆయనకు చెప్పు. బిడ్డకు దినామూ వేడినీళ్ళు పోయల్ల. ఈ పెట్టెలో నీళ్ళు కాగితే సరి. కాగకుంటే నిన్నూ బిడ్డనూ పిల్చుకొని నేను బస్సెక్కుతా. చిలమత్తూర్లో మా హండాను ఇంకా ఎవురూ మార్చలేదు."

"పొయ్యి మీద కాంచుకోవచ్చు కదా అని అడుగు మీ అమ్మను," అన్నాడు మల్లికార్జున.

"పచ్చి బాలింత దినామూ డబరాలు మోయల్లంటనా? అడుగు," అంది అత్త.

మల్లికార్జునకు ఇది చిన్న బెదిరింపు కాదు. పెళ్ళాం పురిటికి పోయినప్పటి నుంచీ చేతకాని వంటతో కడుపు మాడ్చుకున్నాడు. ఇక కూతురంటారా, నిన్న సాయంత్రమే మొదటిసారి అతని చూపుడువేలు గట్టిగా పట్టుకుంది. రాత్రి భోజనం కూడా ఆ వేలికి మెతుకు అంటకుండానే చేశాడు. అలాంటి బిడ్డను బస్సెక్కించడమా? దేవుడా అనుకుంటూ కుళాయి తిప్పాడు. మంట రాలేదు. అద్దంలో అంకెలకు బదులు 'ఈ ఈ' అని రెండు ఎర్ర ఇంగ్లీషు అక్షరాలు వెలిగి, ఆరి, వెలిగాయి. ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఈఈ. వెనక అత్త సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

అతను హాల్లోకి ఉరికి బెంగళూరు మెకానిక్‌కు ఫోను కొట్టాడు. ఫోను వీధి కిటికీ పక్కనే ఉంది. బెంగళూరు దూరం కాబట్టి, ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా మాట్లాడాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో కుళ్ళాయప్ప పోతున్నాడు. ఈ ఊళ్ళో, అంటే దొడ్డకుంటలో, నీళ్ళు వదిలేది అతనే. భుజాన పొడవాటి ఇనుప తాళంచెవి, దాంతో ఏ వీధి వాల్వు ఎంత తిప్పితే ఆ వీధికి అంత గంగమ్మ. ఉన్న రెండు బోర్ల నీళ్ళు ఊరందరికీ రావాలని పావు వంతే తిప్పుతాడు. జిల్లాకు కొత్తగా ఒక ఈఈ వచ్చిందనీ, అంటే నీళ్ళ శాఖకు పెద్ద ఇంజనీరమ్మ అనీ, ఆమె చెప్పాపెట్టకుండా ఊళ్ళ మీద పడుతుందనీ విని వారం నుంచి అతనికి నిద్ర లేదు. మన తెలుగులో మిషనుకైనా మేడానికైనా 'వచ్చింది' ఒక్కటే. కొంప మునిగింది అక్కడే.

"అన్నా, ఈఈ వచ్చిందన్నా," అని కిటికీలోంచి వినబడింది.

కుళ్ళాయప్ప కాళ్ళు ఆగిపోయాయి.

"పొద్దున్నే వచ్చింది. బాత్‌రూంలో ఉండాది. ఎర్రగా మండిపోతాండాది... లేదన్నా, ఏం చేసినా ఆడ్నుంచి కదల్దు. నెత్తిన రెండు దెబ్బలు గూడా వేస్తి. దానికేం కాలా. ఇంకా రెప్ప కొట్టుకుంటా నన్నే చూస్తాండాది."

కుళ్ళాయప్ప కిటికీ కిందికి జరిగాడు.

"నీళ్ళు చాల్లేదని చెప్తాందా? ఏమన్నా అట్లంటావు, నీళ్ళు బాగానే వస్తాండాయి."

అబద్ధం కాదు. దొడ్డకుంటలో కుళాయి నుంచి దారం మందాన పడితే నీళ్ళు బాగా వస్తున్నట్టే. నీళ్ళు చాలకపోతే మిషను ఈఈ చూపిస్తుందని చెప్పిన బెంగళూరు మెకానిక్‌కు ఆ లెక్క తెలియదు. నీళ్ళు బాగానే వస్తుంటే లోపలి కరెంటు బోర్డు కాలిపోయి ఉంటుందని తేల్చేశాడు.

"అయితే పెరికి బెంగుళూరికి పంపించల్లంటావా? సరే, తాళ్ళతో కట్టి బస్సు మింద ఏసి పంపిస్తా," అని ఫోను పెట్టేశాడు మల్లికార్జున.

కుళ్ళాయప్ప నీళ్ళ ఆఫీసు దాకా పరుగెత్తాడు. అక్కడ ఇన్‌స్పెక్టరు ఆదెన్న టీ తాగుతున్నాడు.

"అన్నా, ఈఈ మేడం వచ్చింది. కటింగ్ మాస్టరు ఇంట్లో ఉండాది. నీళ్ళు చాల్లేదని మండిపడతాంది."

"ఆ ఇంటికేల పోయింది?"

"అది కాదన్నా. ఆ మాస్టరు ఆయమ్మ నెత్తిన రెండు ఏసినాడు. ఇప్పుడు తాళ్ళతో కట్టి బస్సు మింద పంపిస్తాడంట."

ఆదెన్న గ్లాసు కింద పెట్టాడు. "ఆ వీధికి ఎంత తిప్పినావు?"

"దినామూ తిప్పినంతే. పావు."

"పోయి మొత్తం తిప్పు. నేను పూలదండ తెస్తా."

ఆదెన్న వచ్చేసరికి హనుమంతమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, ముక్కు మీద కళ్ళద్దాలు, మొహంలో హండా పోయిన కోపం. ఇంత ఠీవి ఈఈకి కాక ఇంకెవరికుంటుంది? ఆదెన్న వంగి దండ వేసేశాడు.

"ఎవురప్పా నువ్వు?"

"నీళ్ళ ఆఫీసు, మేడం. తెల్లారే వచ్చినారంట, మాకు తెల్దు."

"ఓహో, నువ్వేనా. అవేం నీళ్ళప్పా? నీళ్ళు వదుల్తాండారా, సూదిలోకి దారం ఎక్కిస్తాండారా?"

"తప్పయింది మేడం."

హనుమంతమ్మ విస్తుపోయింది. ఒక మగవాడు ఒక్క మాటకే తప్పు ఒప్పుకోవడం ఆమె జన్మలో చూడలేదు.

"నొప్పి ఎట్లుంది మేడం?" అన్నాడు ఆదెన్న, తల వైపు చూస్తూ.

ఆమె మోకాళ్ళు నిమురుకుంది. "దానికేముందిలే. పదేండ్ల నుంచి ఉండేదే."

అంతలో బాయిలర్‌ను పెరకడానికి లోపలి గది నుంచి మల్లికార్జున ఒక చేత్తో స్పానరు, ఇంకో చేత్తో తాడు పట్టుకుని వచ్చాడు. ఆదెన్న చేతులు చాచి కుర్చీకి అడ్డం నిలబడ్డాడు.

"మాస్టరూ, తాడు కింద పెట్టప్పా. ఏదున్నా కూర్చోని మాట్లాడుకుందాం. మేడంను ముట్టుకోవద్దు."

"ఏ మేడం? ఆమె మా అత్త."

"ఈఈ మేడం మీ అత్తనా?" ఆదెన్న చాచిన చేతులు కట్టుకున్నాడు. ఈఈ ఒక్కతే అయితే తనను బదిలీ చేసి ఊరుకుంటుంది. ఆమె అల్లుడు ఊళ్ళోనే కాపురముంటే, పావు వాల్వు కథ ఇక దినామూ పైకి పోతుంది కదా.

అప్పుడు గోడలోని పైపు బుసకొట్టింది. బాత్‌రూంలో భగ్గుమని మంట అంటుకున్న చప్పుడైంది. బకెట్లో నీళ్ళు ధన్‌ధన్‌మని పడ్డాయి.

"ఏమయ్యో, ఈఈ పోయింది," అని హేమావతి లోపలి నుంచి కేక వేసింది.

"యాడికి పోయిందమ్మా? ఈడనే ఉండాది కదా," అన్నాడు ఆదెన్న, కుర్చీ వైపు చూస్తూ.

మల్లికార్జునకు అంతా ఒక్కసారిగా వెలిగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. లోపల బిడ్డ వేడినీళ్ళలో కాళ్ళు కొడుతూ కిలకిలమంది. నోరు మూసుకుని, తాడు చుట్టి పక్కన పెట్టాడు. మనసు నిండిపోయింది.

ఆ తర్వాత దొడ్డకుంటలో, ఈఈ మేడం అక్కడ ఉందని, ఆ ఒక్క వీధికి వాల్వు నిండా తిరిగింది. పక్కవీధి నల్లమ్మ వచ్చి, "మాస్టరూ, మీ అత్తను ఒక్క పూట మా ఇంట్లో కూర్చోబెడతావాప్పా? టిఫిన్ మేమే పెడతాం," అని అడిగింది. హనుమంతమ్మకు ఇదంతా బాగానే ఉంది గానీ, కొన్నాళ్ళకు ఇల్లు గుర్తొచ్చింది. సంచి సర్దుకుంది.

"హేమా, మీ ఆయనకు చెప్పు. నీళ్ళు కాగుతాండాయి కదా, ఇంక నాకు బస్సు చూడమని."

మల్లికార్జున పెళ్ళాన్ని దాటి ముందుకు వచ్చి, పెళ్ళయ్యాక మొదటిసారి అత్తతో నేరుగా మాట్లాడాడు. "అత్తా, నీ కాళ్ళు మొక్కుతా, పోవద్దు." సంచి లాక్కుని బీరువా మీద పెట్టాడు.

హనుమంతమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "హేమా, మీ ఆయనకు నా మీద ఇంత ప్రాణమని ఎప్పుడూ చెప్పలేదే నువ్వు."

బాయిలర్‌లో ఈఈ మళ్ళీ కనబడలేదు. హాల్లో ఈఈ మాత్రం ఇంకా కదల్లేదు.