తుప్పు గారి స్టూలు

పన్నెండేళ్ళు కదలకుండా ఒకచోట కూర్చున్న తుప్పుకి ఆ చోటు మీద హక్కు వస్తుందని చట్టం వచ్చాక, ఆటోనగర్‌లో తుప్పు వదిలించడానికి పాత సామాను నానబెట్టేవాళ్ళందరూ తుప్పుకి ముందుగా నోటీసు ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. మొదట్లో కాస్త నవ్వుకున్నారు. తర్వాత ఫైన్లు పడ్డాయి, నవ్వడం మానేశారు. ఇప్పుడు ఏ కొట్లో చూసినా సైలెన్సరుకో జాకీకో పురికొసతో ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. "తుప్పు వారికి తెలియజేయునదేమనగా" అని మొదలవుతుంది. తుప్పు దాన్ని చదువుతుందా అని ఎవరూ అడగరు. ఆటోనగర్‌లో నోటీసు చదివి బాగుపడ్డవాడు మనుషుల్లోనూ లేడు.

నాంచారయ్య అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటు వెళ్ళనివాడు. రేకుల షెడ్డు, ఒక పెద్ద ఇనప డ్రమ్ము, కూర్చోడానికి ఒక ఇనప స్టూలు, ఇంతే అతని ఆస్తి. పక్క కొట్లవాళ్ళు తుప్పు వదిలించడానికి యాసిడ్ పోసేవారు. యాసిడ్‌కి తన పర తేడా లేదు, తుప్పుతో పాటు ఇనుమునీ కొరికేస్తుంది. నాంచారయ్య డ్రమ్ములో మాత్రం చింతపండు పులుసు, బెల్లం మడ్డి, గుప్పెడు రాళ్ళ ఉప్పు ఉండేవి. అందులో వారం నానితే తుప్పు దానంతటదే వదిలి అడుక్కి బురదలా దిగేది, ఇనుము పెళ్ళిచూపులకి తలంటుకున్నట్టు బయటికొచ్చేది. "నా పులుసు తుప్పునే తింటది, ఇనుము జోలికి పోదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, షెడ్డు ముందు బోర్డు కూడా రాయించాడు. ఆ షెడ్డు ముందునుంచి వెళ్ళేవాళ్ళకి వేళ కాకపోయినా ఆకలేసేది.

ఒకరోజు పొద్దున్నే బాజీ వచ్చాడు. పెళ్ళికొడుకుల్ని ఊరేగించడానికి తెల్ల అంబాసిడర్ కారు కట్టేవాడు బాజీ. కారుని తాడు కట్టి లాగించుకొచ్చాడు.

"అన్నాయ్, ఇంజను ఎనక తిరిగే చక్రం, ఫ్లైవీలు, దాని పళ్ళన్నీ రాలిపోయినయి. ముసలమ్మ నోరు లాగుంది. వచ్చే వారం గన్నవరంలో పెళ్ళి."

"ఇంకో బండి పెట్టుకోమను."

"ఆళ్ళకి అంబాసిడరే కావాలంట. పెళ్ళికూతురి తాత ఎక్కాడంట, నాయన ఎక్కాడంట. నా పరువు తియ్యమాక అన్నాయ్."

నాంచారయ్య షెడ్డు మూలకి చూశాడు. అక్కడ గోడకి ఆనించి సరిగ్గా అంబాసిడర్‌దే ఒక ఫ్లైవీలు ఉంది. నిండా తుప్పు. షెడ్డు అద్దెకి తీసుకున్ననాడే అది అక్కడుంది. బరువుగా ఉందని దాన్ని కదిలించకుండా దాని చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చాడు. పని చేసుకునేవాడు ఏదైనా ఒకటి కదిలించకుండా వదిలేశాడంటే, అదే చివరికి వాణ్ణి కదిలిస్తుంది. కానీ ఈ సంగతి ముందుగా తట్టదు.

ఆ ఫ్లైవీలుకి నోటీసు కట్టారు. మూడోనాడు తుప్పు పరిరక్షణ శాఖ నుంచి చక్రపాణి గారు విచారణకి వచ్చారు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజు కూర్చున్న కుర్చీలోంచి ఇంతవరకూ లేవలేదు. నలుగురు జవాన్లు కుర్చీని ఎత్తుకొచ్చి షెడ్డు మధ్యలో దించారు. ఆయన భూతద్దం పెట్టి, గోటితో ఫ్లైవీలు అంచుని గీకి, పెచ్చు పెచ్చుకీ పెదాలు కదుపుతూ పొరలు లెక్కపెట్టారు.

"పదమూడు నిండాయి" అని ఫ్లైవీలుకి నమస్కారం పెట్టారు. "తుప్పు గారూ, మిమ్మల్ని పులుసులో నానబెట్టాలని ఇతను కోరుతున్నాడు. మీ అభ్యంతరం ఏమిటి?"

తుప్పు ఏమీ అనలేదు. "హుందాగా మౌనం వహించిరి" అని జవాను రాసుకున్నాడు.

"అదేం మాట్లాడుద్ది సార్, ఇనుము!" అన్నాడు నాంచారయ్య. "అరిచెను" అని జవాను రాసుకున్నాడు.

"ఇంతకీ మీరెవరు?" అన్నారు చక్రపాణి గారు.

సరిగ్గా ఇక్కడే నాంచారయ్య పప్పులో కాలేశాడు. పక్క కొట్లవాళ్ళు గుమిగూడి చూస్తున్నారు. పరువు సమస్య. ఛాతీ విరిచి, "ఆటోనగర్‌లో ఎవరినైనా అడగండి. ఈ షెడ్డులో పదకొండేళ్ళు నిండి పన్నెండో ఏడు నడుస్తంది. ఈ స్టూలు మీదనుంచి నన్ను కదిపినోడు లేడు" అన్నాడు.

చక్రపాణి గారి మొహం పండగలా వెలిగింది. "పన్నెండు నిండలేదన్నమాట. తుప్పు గారు మీకంటే ముందునుంచీ ఇక్కడున్నారు. అంటే షెడ్డు వారిది. వారి షెడ్డు మీద తర్వాత వచ్చి పేరుకున్నది మీరు."

"నేను పేరుకోడమేంది సార్?"

"ముందున్నది వస్తువు, తర్వాత పట్టింది తుప్పు. పుస్తకంలో అలాగే ఉంది. మిమ్మల్ని వదిలించాలి."

జనం తలలూపారు. తర్కంలో ఎవరికీ తప్పు కనపడలేదు. బాజీ ఒక్కడే "మరి నా ఫ్లైవీలు?" అన్నాడు. అది విచారణ పరిధిలోకి రాదన్నారు.

నాంచారయ్య స్టూలు మీద కూర్చుని దాని కాళ్ళని తన కాళ్ళతో మెలేసుకున్నాడు. షెడ్డు పోతే తనకింకేం లేదు. చేతికి వచ్చిన పని ఒకటే, ఆ పని చేసే చోటు ఒకటే. "నేను లేవను" అన్నాడు. లేవక్కర్లేదన్నారు చక్రపాణి గారు. అంటుకున్నదాన్ని గుంజకూడదు, నానబెట్టాలి, అది ఆయనకీ తెలుసు.

"యాసిడా, పులుసా? ఆ ఎంపిక మీదే. శాఖవారికి పక్షపాతం లేదు."

"యాసిడ్ వద్దు సార్, మనిషి మిగలడు. నా పులుసే పొయ్యండి."

"మంచి మాట. మీ పులుసు తుప్పునే తింటుందని బోర్డు కూడా పెట్టారు. మీరు తుప్పు కాకపోతే మిగులుతారు. మీకెందుకు భయం?"

నాంచారయ్య బోర్డు వైపు చూశాడు. తన మాటే, తన బోర్డే. ఇంజన్లు పైకెత్తే చైన్‌బ్లాకుకి గొలుసు తగిలించి, స్టూలుతో సహా పైకెత్తి, మెడదాకా డ్రమ్ములోకి దించారు. పులుసు పొంగి నేలంతా పారింది.

కబురు తెలిసి అతని భార్య వజ్రమ్మ కేరేజీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. డ్రమ్ములో మొగుడి తల చూసి ముందు ఏడ్చింది. తర్వాత వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పు తక్కువైంది. ఇట్టా అయితే నెల పడతది, ఏవయ్యా, ఎన్నాళ్ళని నానతావు?"

"ఎయ్యి" అన్నాడు నాంచారయ్య.

ఇంకో గుప్పెడు వేసింది. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. మునక్కాడలు వెయ్యమని ఒకడు, ఇంగువ పోపు పెడితే ఆటోనగర్‌కంతా సరిపోతుందని ఇంకొకడు. బాజీ డ్రమ్ము పక్కనే గొంతుక్కూర్చుని, "అన్నాయ్, నా మూలంగానే గదా నీకిది" అని వాపోయాడు. "నీ మూలంగా కాదురా, ఆ మూలంగా" అని నాంచారయ్య గడ్డంతో ఫ్లైవీలు ఉన్న మూల చూపించాడు. డ్రమ్ములో ఉన్నవాడు జోకేస్తే జనం ఎక్కువ నవ్వుతారు. ఆ వారమంతా షెడ్డు దగ్గర తిరనాళ్ళే. పిడతకింద పప్పు బండి ఒకటి వెలిసింది.

ఈలోగా గన్నవరం పెళ్ళివాళ్ళు వచ్చారు. కారు కదలదని తెలిసి కాసేపు కేకలేశారు. ముహూర్తం ఆగదు కాబట్టి పెళ్ళికొడుకుని అక్కడే కారులో కూర్చోబెట్టి, బ్యాండు మేళంతో జనమే కారు చుట్టూ ఊరేగారు. పెళ్ళికూతుర్ని లారీలో తెచ్చి డ్రమ్ముకీ కారుకీ మధ్య తాళి కట్టించారు. అక్షింతలు కొన్ని నాంచారయ్య నెత్తిన కూడా పడ్డాయి. వాళ్ళ పెద్దాయన, బండి కదలకపోవడమే మంచిదయిందనీ, పెట్రోలు కలిసొచ్చిందనీ బాజీ భుజం తట్టాడు.

వారం తిరిగేసరికి నాంచారయ్య కాళ్ళు స్టూలుని వదిలేశాయి. అతను ఏమీ చెయ్యలేదు. వాటంతటవే వదిలాయి. చైన్‌బ్లాకుతో బయటికి తీస్తే, పురిటిబిడ్డలా మెరుస్తూ వచ్చాడు. పెళ్ళినాడు కూడా పోని గోళ్ళ కింద నలుపు పోయింది. మోచేతి మీద వెల్డింగు మచ్చ పోయింది. నట్టు పట్టుకోగానే సైజు చెప్పే వేళ్ళు ఏదీ చెప్పలేక తెల్లగా వేలాడుతున్నాయి. అడుగున చేరిన గోధుమరంగు బురదని జవాన్లు తోడి, తూకం వేసి, "నాంచారయ్య" అని చీటీ అంటించి, కాలవలో పారబోశారు. మిగిలిన మనిషిని "మిగులు" కింద చూపించి, వజ్రమ్మ చేత సంతకం పెట్టించుకుని అప్పగించారు.

తళతళలాడుతున్న స్టూలు మీద ఫ్లైవీలుని కూర్చోబెట్టారు. తుప్పు గారి యాజమాన్యంలో షెడ్డు బాగా నడుస్తోంది. ఇప్పుడు తుప్పు వదిలించుకునే పిచ్చివాడు ఎవడూ లేడు. అందరూ కొత్త సామాను తెచ్చి, తుప్పు పట్టించుకోవడానికి వరస కడుతున్నారు. ఎంత పడితే అంత హక్కు. పనిచేసే పానాలూ సుత్తులూ అరిగిపోయి, ఏ హక్కూ లేకుండా తూకానికి పోతున్నాయి.

మిగులు నాంచారయ్య నాలుగురోజులు ఇంట్లో ఉన్నాడు. అయిదోరోజు వజ్రమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చింది. నానబెట్టి తీసిన ఇనుముకి వెంటనే నూనె రాయాలి, లేకపోతే పూట తిరక్కుండా మళ్ళీ తుప్పు పడుతుంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ మొగుడి నోట ఆ మాట విన్నది. అందుకే నూనె తేలేదు. ఉప్పునీళ్ళ చెంబు తెచ్చింది. స్టూలు పక్కన నేల మీద అతన్ని కూర్చోబెట్టి, వీపు మీద చల్లింది.

"ఇయ్యాల్టినుంచి లెక్క. పన్నెండేళ్ళు ఎంతసేపు, కళ్ళు మూసుకుంటే అయిపోద్ది. కదలమాక."

ఎదురుగా కదలని అంబాసిడర్లో స్టీరింగు ముందు బాజీ కూర్చుని ఉన్నాడు. అతనూ లెక్క మొదలెట్టాడు. "అన్నాయ్, దోమ కుడితే కొట్టుకోవచ్చా?" అని పెదాలు కదపకుండా అడిగాడు. నాంచారయ్య జవాబు చెప్పలేదు. తలాడించాలన్నా మెడ తిప్పాలి.

అంతలో రెండు కొట్ల అవతలనుంచి కేక వినపడింది. ఎవరిదో చెయ్యి ఇంజను కింద పడింది. "ఒక్కడు రండయ్యా, ఒక్క పట్టు పడితే లేస్తది!" నాంచారయ్య మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. వజ్రమ్మ భుజం మీద చెయ్యేసి నొక్కింది. గట్టిగా కాదు, మామూలుగానే. అతను కూర్చున్నాడు. వీధి పొడుగునా షెడ్ల ముందు తమ లెక్క మొదలెట్టి కూర్చున్నవాళ్ళందరూ జాలిగా అటు చూశారు, కళ్ళతో మాత్రమే. కేక కాసేపు వినపడి ఆగిపోయింది.

నెల తిరిగాక చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. కుర్చీ దించగానే, ఫ్లైవీలుకి నమస్కారం పెట్టి, పక్కకి వంగి నాంచారయ్య భుజాన్ని గోటితో గీకారు. గోటి కింద సన్నగా గోధుమరంగు పొడి.

"పట్టింది" అన్నారు.

కొడుకు పరీక్ష పాసయినట్టు వజ్రమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెంబు కింద పెట్టి ఆయనకి దణ్ణం పెట్టింది. నలుగురు జవాన్లు కుర్చీని పైకెత్తారు. చక్రపాణి గారి మెడ వెనక, చొక్కా కాలరు లోపల, ఎర్రగా దట్టంగా ఏళ్ళ తరబడి పేరుకున్న పొరలు నాంచారయ్యకి అప్పుడు కనపడ్డాయి. ఎన్నో ఏట ఈ మనిషికి ఈ కుర్చీ సొంతమై ఉంటుందో అని లెక్కేసుకున్నాడు. లెక్క కుదిరింది, తనని తుప్పన్నదీ తుప్పే. చాలా రోజుల తర్వాత అతనికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదాల దాకా వచ్చాక ఆపేశాడు.

నవ్వితే పెచ్చులూడతాయి.