అక్టోబర్ పేజీ

ఆ ఆదివారం ఉదయం వెండెలిన్ ఎవరికీ కనబడని శత్రువు మీదికి దండెత్తినట్టు బయలుదేరాడు. జర్మనీలోని హనోవర్ ఫొటో క్లబ్బు క్యాలెండర్లో అక్టోబర్ పేజీ తొమ్మిదేళ్లుగా ఎల్ఫ్రీడదే. ఈసారి అది తనదేనని క్లబ్బులో అందరి ముందూ కోతలు కోసి వచ్చాడు. ఆ ఫొటో ఇంకా తీయలేదన్నది చిన్న విషయం.

"పదిన్నరకల్లా వచ్చెయ్, ఆల్‌బుఖారా కేకు పొయ్యిలో పెడుతున్నా," అంది భార్య రోస్విత.

"అక్టోబర్ లేకుండా ఈ గడప తొక్కను!"

"అయితే కేకంతా నాకేనన్నమాట."

పార్కులో ఆకులు పసుపెక్కిన మేపుల్ చెట్టు, కింద బెంచీ, రాలిన ఆకులు, అన్నీ కుదిరాయి. జనమే కుదరలేదు. పరుగులు తీసేవాళ్లు, తోపుడు బళ్లలో పిల్లలు, కుక్కలు! మహా కళాకారుడి మీద పగబట్టి పుట్టినట్టున్నారు. బాల్కనీ రంగులప్పుడు మిగిలిన ఎరుపు తెలుపు టేపు తెచ్చి బెంచీ చుట్టూ కట్టాడు. కెమెరా నిలబెట్టే ట్రైపాడ్‌ను పెట్టి తెచ్చిన ఇనప గొట్టం ఫొటోలో పడకుండా ఆకులు కప్పాడు. అది సగమే మునిగింది.

టేపు ఎవరు కట్టారని అడిగేవాడు ఆ ఊళ్లో లేడు. టేపుంటే చాలు, అది చట్టమే. అందరూ దానికి అడుగు దూరంలో బుద్ధిగా ఆగి చూడసాగారు. కుక్కను పట్టుకున్న ఒక ముసలాయన గొట్టం వైపు చెయ్యి చూపాడు.

"అదేంటండీ?"

వెండెలిన్ కెమెరా లోంచి కన్ను తీయలేదు. ఇలాంటివాళ్లకు కన్ను కూడా దండగ అని ఆయన అభిప్రాయం. "ముట్టుకోకండి. దగ్గరికొస్తే సర్వనాశనం!"

"పాతదా?"

"యుద్ధకాలం నాటిది."

'మా మామగారిచ్చారు' అనేలోపే ముసలాయన కుక్కను చంకనేసుకుని పరుగందుకున్నాడు. ఆ ఊళ్లో ఎక్కడ తవ్వినా రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబులు బయటపడుతూనే ఉంటాయి, వాటికి ఊరు ఖాళీ చేయడం అందరికీ అలవాటే.

పావుగంటలో పార్కు ఖాళీ అయింది. ట్రాముల చప్పుడు కూడా ఆగింది. 'మొత్తానికి వెధవలకు బుద్ధొచ్చింది' అనుకున్నాడు వెండెలిన్. ఎండ సరిగ్గా బెంచీ మీద పడింది. వేలు మీట మీద పెట్టాడో లేదో, వెనకనుంచి ఒక పోలీసు ఆయన కాలరు పట్టుకున్నాడు.

"ఒళ్లు తెలిసే నిలబడ్డారా? కదలండి!"

"ఒక్క క్షణం..."

"ఆ క్షణమే లేదు!"

ఇళ్లు ఖాళీ చేయించి అందరినీ చేర్చిన బడి వ్యాయామశాల నిండా జనం. సగం ఉడికిన కేకు పళ్లెంతో రోస్విత రుసరుసలాడుతోంది. "పొయ్యి ఆర్పించేశారు! ఎవడో దరిద్రుడు బాంబు చుట్టూ టేపు కట్టుకుని ఫొటోలు తీస్తున్నాడట."

వెండెలిన్ కెమెరాను వీపు వెనక దాచుకున్నాడు. అంతలో పార్కు ఎదుటి మేడలో ఉండే ఎల్ఫ్రీడ దిగబడింది.

"ఇంట్లో చెప్పులు దొరక్క అందరికన్నా ఆఖర్న దిగానండీ! కిటికీలోంచి చూస్తే పార్కులో పురుగు లేదు. ఒక్కటి నొక్కాను, చూడండి."

ఎండ, బెంచీ, ఆకులు. ఆయన ఫొటోయే. ఆయన తీయనిది.

పోలీసు గొట్టం ఎత్తి పట్టుకుని వచ్చాడు. "ఇదెవరిది?"

ఐదొందల మంది ఊపిరి బిగబట్టారు. వెండెలిన్ తన బూట్ల లేసులు మహా శ్రద్ధగా పరిశీలించాడు.

"అయ్యో, ఇది మా నాన్నది!" రోస్విత సంబరంగా చెయ్యెత్తింది. "ఎనభై ఏళ్ల నాటిది! పొద్దున మా ఆయన పట్టుకెళ్లాడు. ఇడుగో, ఇక్కడే ఉన్నాడు!"

కొత్త క్యాలెండర్లో అక్టోబర్ పేజీ కింద అచ్చు వేశారు: "ఫొటో: ఎల్ఫ్రీడ. పార్కు ఖాళీ చేయించినది: వెండెలిన్."

పదో ఏటనైనా అక్టోబర్ పేజీలో ఆయన పేరు పడింది.