యలమందయ్య గారి హాలిడే

ఆ ఏడు పొగాకుకు సెలవు ఇచ్చారు. బడికి సెలవు ఇస్తారు, కచేరీకి ఇస్తారు, పంటకు సెలవేమిటని పొరుగు జిల్లాల వాళ్ళు నోరు వెళ్ళబెడితే అది వాళ్ళ అజ్ఞానం. నిల్వలు పేరుకుపోయి ధర పడిపోయినప్పుడు, ఆ సంవత్సరం ఎవరూ పొగాకు వెయ్యకూడదని పెద్దలు నిర్ణయిస్తారు. దాన్ని ఇంగ్లీషులో క్రాప్ హాలిడే అంటారు. వెయ్యకూడదంటే రైతు బాధపడతాడు, హాలిడే అంటే సంతోషిస్తాడు అని ఆ పేరు పెట్టినవారి సదుద్దేశం. ఇంత సున్నితమైన మనసున్న వారు మన బాగోగులు చూస్తున్నందుకు మనం గర్వపడాలి.

మా చింతలగుంటపాలెంలో యలమందయ్య గారికి మాత్రం ఈ సంతోషం అందలేదు. సెలవు ప్రకటించేసరికే ఆయన నారు పోసేశారు. ఆయనా, ఆయన భార్య పున్నమ్మా రెండు పూటలా నీళ్ళు చల్లి దాన్ని పసిబిడ్డలా సాకుతున్నారు. సెలవు సంగతి నారుకు తెలియదు కనుక అది పెరుగుతూనే ఉంది. అదను దాటితే ముదిరిపోతుంది, ఆ తర్వాత నాటినా ఉపయోగం లేదు. సెలవు మధ్యలో ఎత్తేస్తారని కొందరు, ఎత్తెయ్యరని కొందరు టీకొట్టు దగ్గర గొంతులు చించుకుంటున్నారు. ఎత్తేస్తే నాటాలి, లేకపోతే పీకి పారెయ్యాలి. ఆ దంపతులకు తెలియాల్సింది ఒక్క ముక్క. ఈ హాలిడే ఎప్పుడు అయిపోతుంది?

ఆ ముక్క అడగడానికి యలమందయ్య గారు ఒంగోలు వెళ్ళి ఒక ఆఫీసు మెట్లెక్కారు. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "ఇప్పుడు నోటీసు బోర్డుల్లో ఏమీ పెట్టటం లేదు పెద్దాయనా. అంతా నెట్‌లో పెడతన్నారు. నెట్‌లో చూసుకోపో" అన్నాడు. పరిపాలన ప్రజల చేతికి అందడమంటే ఇదే.

బస్టాండు ఎదురుగా మొహిద్దీన్ బాషా ఇంటర్నెట్ సెంటరు ఉంది. యలమందయ్య గారు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారు.

"నాయనా, మాది ఈ పకాశం జిల్లానే. మా హాలిడే సంగతి ఏందో కాస్త జూసి చెప్పు."

బాషా 'హాలిడే' అని కొట్టాడు, 'ప్రకాశం' అని కొట్టాడు. ఫోను తీగ కాసేపు కీచుకీచుమని అరిచింది. పేజీ పైనుంచి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. నీలాకాశం వచ్చింది, సగం కొబ్బరిచెట్టు వచ్చింది, కరెంటు పోయింది. మళ్ళీ కరెంటు వచ్చి మిగతా సగం చెట్టు దిగాక తెలిసిందేమిటంటే, అది జిల్లా విహార వికాస సమితి వారు కొత్తగా తెరిచిన వెబ్‌సైటు. ఆరుబయట విహరించదలచిన వారు ఎక్కడికి వెళ్ళాలి, ఏమి చూడాలి, ఎక్కడ బస చెయ్యాలి అనే సమస్త సమాచారం అందులో ఉంది. కాకపోతే దరఖాస్తు ఫారం తప్ప ఏది నొక్కినా 'నిర్మాణంలో ఉంది' అని వస్తుంది. మన మెట్టనేలలో జలపాతాలు లేవు కనుక ఏదో రాష్ట్రపు జలపాతం బొమ్మ పెట్టి, కింద 'చిత్రం నమూనా మాత్రమే' అని నిజాయితీగా రాశారు.

"ఎన్నాళ్ళు హాలిడే అని అడగతంది పెద్దాయనా" అన్నాడు బాషా.

"ఏడాదంతా అంటన్నారు."

"ఎంతమంది?"

"ఒకళ్ళా ఇద్దరా? ఊరు ఊరంతానూ."

"ఆరుబయట ఏం చెయ్యటం ఇష్టం? నడకా, ఈతా, గుడారంలో పడుకోవటమా?"

యలమందయ్య గారు తల గోక్కున్నారు. "నడుస్తానే ఉంటాం గదయ్యా. రాత్రిపూట బేరన్ కాడ పడుకుంటాం. ఈతంటావా, ముందు బోరులో నీళ్ళు పడనీ."

పచ్చి పొగాకును వేడికి ఎండబెట్టే బేరన్ కొట్టం సంగతి కంప్యూటరుకు తెలియదు కనుక బాషా మూడింటికీ టిక్కు పెట్టి, ఊరి పేరు అడిగి కొట్టి పంపించేశాడు. జవాబు వాళ్ళే చెబుతారట. ఆ మాటతో యలమందయ్య గారు తృప్తిగా బస్సెక్కారు.

సమితి కార్యాలయంలో పండగైంది. వెబ్‌సైటు తెరిచిన నాటినుంచి దాన్ని చూసింది ప్రత్యేకాధికారి గారి బావమరిది ఒక్కడే. అదీ ఆయన బలవంతం మీద. అలాంటిది ఒక ఊరు ఊరంతా ఏడాదిపాటు విహరిస్తామని దరఖాస్తు చేసుకుంది. వెంటనే సమావేశం జరిగింది, జీడిపప్పు వచ్చింది. కొత్తగా చేరిన ఉద్యోగి ఒకడు, "సార్, రైతులు ఎటూ బయటే ఉంటారు గదా" అని అనుమానం వెలిబుచ్చాడు. ప్రత్యేకాధికారి గారు జాలిగా చూసి, "బయట ఉండటం వేరు, అవుట్‌డోర్ వేరు" అని వివరించారు. ఈ వాక్యాన్ని మినిట్స్‌లో నమోదు చేశారు.

ఇంతమందిని ఎక్కడికి తీసుకువెళ్ళాలన్నది తర్వాతి ప్రశ్న. అమరావతి అన్నారొకరు. బస్సులు ఎవరిస్తారన్నారు మరొకరు. యాత్రికులను చూడదగిన చోటికి తరలించే బదులు, యాత్రికులున్న చోటునే చూడదగిన చోటుగా ప్రకటిస్తే ప్రయాణపు బడలిక ఉండదని ప్రత్యేకాధికారి గారు సూచించారు. చప్పట్లు మోగాయి.

మర్నాడే రెండు జీపులు మా ఊళ్ళో దిగాయి. మండించే పనిలేక చల్లారి ఉన్న బేరన్లకు 'ధూమ గోపురాలు' అని బోర్డు కట్టారు. పత్తిచేలకు 'శ్వేత లోయ' అని, మిరప తోటకు 'ఘాటు వనం' అని పేర్లు పెట్టారు. ఊళ్ళో కాస్త పచ్చగా కనిపించేది యలమందయ్య గారి నారుమడి ఒక్కటే కాబట్టి దాని పక్కనే గుడారం వేశారు. అందరికీ టోపీలు పంచారు. ఒక గైడు ఈల వేస్తూ ముందు నడిచాడు. ఊరి జనం తమ చేల గట్ల మీద తామే వరసగా నడిచి, తమ చేలు తామే చూసుకున్నారు.

ముసుగు మీద టోపీ పెట్టుకున్న పున్నమ్మ ఉండబట్టలేక అడిగేసింది. "ఏందయ్యా ఇది? మా చేలోకి మమ్మల్నే ఈలేసి తోలకపోతన్నారు? మతులుండే చేస్తన్నారా?"

'స్థానిక మహిళలు ఆసక్తిగా ప్రశ్నలు వేశారు' అని గైడు రాసుకున్నాడు.

సాయంత్రం సభ జరిగింది. "సోదరులారా!" అన్నారు ప్రత్యేకాధికారి గారు మైకు ముందు నిలబడి. "తరతరాలుగా మీరు ఈ ప్రకృతి ఒడిలోనే ఉన్నారు. కానీ ఒక్కనాడైనా ఆనందించారా? లేదు! పని, పని, పని! ఈనాడు ప్రభుత్వం మీ చేతుల్లోంచి ఆ పనిని తీసేసింది. ఇప్పుడు మీ ముందున్నది కేవలం ప్రకృతి! మీ మనసులో మాట ఏమున్నా నిర్భయంగా అడగండి."

యలమందయ్య గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని లేచారు. చాలా రోజులుగా దాచుకున్న ముక్కను అడిగేశారు.

"అయ్యా, మా హాలిడే ఎప్పుడు అయిపోద్దండీ?"

ప్రత్యేకాధికారి గారి కళ్ళు చెమర్చాయి. "చూశారా! అయిపోతుందేమోనని పెద్దాయన ఎంత బెంగపడుతున్నాడో చూశారా! మీకా భయం అక్కర్లేదు పెద్దాయనా!" అన్నారు. ఆ రోజే పైకి నివేదిక పంపారు. రైతులు హాలిడేను అమితంగా ఆస్వాదిస్తున్నారనీ, ముగిసిపోతుందని కంటతడి పెడుతున్నారనీ, కాబట్టి పొడిగించడమే ధర్మమనీ రాశారు. సెలవు ఎత్తెయ్యాలా వద్దా అని పైన ఊగిసలాడుతున్న వారికి ఆ కాగితంతో సందేహం తీరిపోయింది. ప్రజాభీష్టం మేరకు సెలవు కొనసాగింది.

యలమందయ్య గారు నారంతా పీకి గట్టు మీద కుప్ప పోశారు. మేకలు వాసన చూసి పక్కకు తప్పుకున్నాయి. పున్నమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడు ఆ వెబ్‌సైటు తెరిస్తే మొదటి పేజీలో మా ఊరే. ఆదివారమైతే గుంటూరు నుంచి, బెజవాడ నుంచి కుటుంబాలు వ్యాన్లు కట్టించుకుని పులిహోర డబ్బాలతో దిగుతున్నాయి. ఇళ్ళకు వెళ్ళాక తమ అభిప్రాయాలు కూడా నెట్‌లో రాస్తున్నారు. గాలి స్వచ్ఛంగా ఉందనీ, రైతులు ఏ చీకూచింతా లేకుండా అరుగుల మీద కూర్చుంటారనీ, ఆ అదృష్టం పట్నం వాళ్ళకు లేదనీ.

మీరూ వచ్చారు. జ్ఞాపకం లేకపోతే ఆల్బం తీసి చూడండి. గట్టు మీద నిలబడి, కుప్పలోంచి గుప్పెడు నారు మొక్కలు తీసి పూలగుత్తిలా పట్టుకుని నవ్వుతున్నారు. అందరూ ఫొటోలో పడాలని కెమెరా అక్కడున్న ఒక పెద్దాయన చేతికిచ్చారు. ఏ బటన్ నొక్కాలో మీరే చూపించారు. ఆయన మిమ్మల్నీ, మీ చేతిలోవాటినీ కాసేపు చూసి నొక్కారు. ఫొటో కదిలిపోయింది. ఒక్క క్షణం చెయ్యి కదలకుండా పట్టుకోవడం కూడా రాదు ఈ పల్లెటూరి వాళ్ళకి అని మీరు వ్యాన్‌లో విసుక్కున్నారు.