చప్పుడు చేయని కమాను

"నువ్వు తప్పు వాయిస్తే ఏం గతే? అంతమంది ముందు ఒక్క స్వరం జారితే మళ్లీ తలెత్తుకు తిరగగలమా?" అన్నాను. అప్పటికి మా అమ్మాయి వయొలిన్ పెట్టె మూత కూడా తీయలేదు. విశ్వవిద్యాలయంలో సంగీతం చదువుతున్న పిల్ల. వాయించకపోతే డిగ్రీ ఇవ్వరని ఒక భయం, వాయిస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. రెండింటికీ ఒకే మందు దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ మందు పేరు అవగాహన ఒప్పందం. నగరంలో పేరుమోసిన వయొలిన్ బృందంతో విశ్వవిద్యాలయం కుదుర్చుకుంది. ఇకపై విద్యార్థులు కచేరీల్లో వృత్తి కళాకారుల పక్కనే కూర్చుంటారు. అలా ఏడాది కూర్చున్నవారికే డిగ్రీ. సంతకాల సభకు తల్లిదండ్రులనూ పిలిచారు. ఉపకులపతిగారు కళ్లజోడు సర్దుకుని, "అనుభవమూ యువతరమూ భుజం భుజం కలిపే ఈ చారిత్రక క్షణంలో..." అని మొదలుపెట్టారు. ఆ క్షణం భోజనాల వేళ దాకా నడిచింది.

బృందాన్ని నడిపించే పెద్దమనిషి చేతిలో ఎప్పుడూ సన్నటి పుల్ల ఒకటి ఉంటుంది. పిల్లలు ఆయనకు పుల్లయ్యగారని పేరు పెట్టుకున్నారు. ఎంతో ముందుచూపు గల మనిషి. మొదటిరోజే గుమ్మం దగ్గర పిల్లలందరి రోజిన్ బిళ్లలూ తీసేసుకుని, వయొలిన్ వాయించే కమాను తలా ఒక కొత్తది చేతిలో పెట్టారు. రోజిన్ అంటే కమాను వెంట్రుకలకు రాసే గట్టి బంక. అది రాయని కమాను తీగల మీద సబ్బు చేయిలా జారిపోతుందే గానీ చప్పుడు చేయదు.

"చేతులు మాతోపాటు ఆడించండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారాయన. పాఠ్యప్రణాళికలో దీన్ని 'మౌన సహవాద్యం' అని రాసుకున్నారు.

నాకెంత నిశ్చింతగా ఉందో చెప్పలేను. వినబడని వాయింపులో తప్పెక్కడ దొరుకుతుంది? నలుగురిలో నోరెత్తకు, నవ్వితే పళ్లు కనబడనీయకు అని చిన్నప్పటినుంచీ నేను దానికి మొత్తుకుంటున్నది ఇదే కదా. ఆ మాట చెప్పడానికి నాకు ఏడో తరగతి చదువు సరిపోయింది. వాళ్లకు పెద్ద చదువులు కావలసి వచ్చాయి.

ఫలితాలూ అలాగే ఉన్నాయి. విద్యార్థుల చేరికతో బృందం నాదానికి కొత్త నిండుదనం వచ్చిందని పత్రికల్లో రాశారు. ఒక కుర్రాడు సగం కచేరీ నిద్రపోయినా చేయి మాత్రం ఆపలేదు గనుక అతనికి క్రమశిక్షణ పతకం ఇచ్చారు. మా అమ్మాయికే మార్కులు తగ్గాయి. అది కళ్లు మూసుకుని వాయిస్తోందట. ఏదో వింటున్నట్టుందని పరీక్షకులకు అనుమానం వచ్చింది.

ఒకరోజు దాని మేజోళ్లు సర్దుతుంటే గుడ్డలో చుట్టిన తేనెరంగు ముక్క బయటపడింది. ఈ కాలం పిల్లలు ఏమేం పీలుస్తున్నారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. వాసన చూశాను. తల తిరిగినట్టే అనిపించింది.

"ఎన్నాళ్లనుంచే ఈ అలవాటు?"

"అది రోజిన్ అమ్మా."

కుదుటపడబోయిన గుండె మళ్లీ జారింది. మత్తుమందైతే మాన్పించడానికి ఆసుపత్రులన్నా ఉంటాయి.

"రాశావా?"

"రేపు రాస్తా. వార్షిక కచేరీకి."

"వినబడుతుందే తల్లీ."

"వినబడాలనేగా."

"పట్టుకుంటే డిగ్రీ పోతుంది."

"పోతే పోనీ. ఏడాదంతా వాయించాను, ఒక్కరైనా విన్నారా? నువ్వు విన్నావా?"

ఇంట్లో సాధన చేస్తుంటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని తలుపులు మూయించి, రేడియో పెట్టుకునేదాన్ని నేనే. "అన్నం తిని పడుకో" అన్నాను.

వార్షిక కచేరీకి హాలు నిండిపోయింది. ఒప్పందంలో 'ఇరుపక్షాలూ సమానంగా' అనే మాట ఉంది. ఇది విద్యార్థుల రోజు గనుక వాళ్లే వాయిస్తారనుకుని, వృత్తి కళాకారులు మర్యాద కోసం తామూ రోజిన్ రాయని కమాన్లే తెచ్చుకున్నారు. పెద్దలే వాయిస్తారని పిల్లలు ఎప్పటిలాగే అనుకున్నారు. ఇరుపక్షాలూ సమానంగా నమ్మాయి.

పుల్ల లేచింది. వేదిక నిండా కమాన్లు ఒక్కసారిగా కదిలాయి. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఉపకులపతిగారు కళ్లు మూసుకుని తాళం వేయడం మొదలుపెట్టారు. నా పక్కనాయన "ఏం పొందిక, ఏం పొందిక" అని గొణిగాడు. నేనూ తలూపాను. ఊపకపోతే మనకు సంగీతం తెలియదనుకుంటారు.

మా అమ్మాయి మాత్రం చివరి వరుసలో కమాను గాల్లోనే పట్టుకుని అటూ ఇటూ చూసింది. తర్వాత మెల్లగా తీగ మీద పెట్టింది.

ఒక్క వయొలిన్ మోగింది. సన్నగా బయలుదేరి నా కుర్చీ దాకా వచ్చింది. మధ్యలో ఒక స్వరం జారింది కూడా, నేను భయపడ్డట్టే. జారి, తమాయించుకుని, మళ్లీ పైకి లేచింది.

పుల్ల ఆగింది. "ఎవరది?"

కళాకారులు తమ బూట్లకేసి చూసుకున్నారు. "నిక్షేపంలాంటి కచేరీని పాడుచేశారు కదండీ" అన్నాడు పక్కనాయన.

"ఆ శబ్దం చేసింది ఎవరని అడుగుతున్నాను" అన్నారు పుల్లయ్యగారు.

ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, రెండో అంశం కాబోలనుకుని వెనక వరుసల్లో కొందరు చప్పట్లు కొట్టారు. "మా అమ్మాయి కాదండీ" అని చెప్పడానికి నేను లేచి నిలబడ్డాను. అది నన్ను చూసింది.

"నేనేనండీ" అంది. "మీరంతా ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నా."