ఇది హాస్టల్ కాదండీ, మీ ఇల్లే!

పెద్ద పెద్ద హోటళ్ళలో దిగేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకి ఎవరూ లేరు!

గుమ్మంలో ఒకాయన సెల్యూట్ కొడతాడు. కౌంటర్లో ఒకావిడ నవ్వుతుంది. గదిలో తెల్లటి దుప్పటి, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. అంతే! 'లేచి ఆ కప్పు కడుగు' అని చనువుగా చెప్పే మనిషి ఒక్కరుండరు. అంత ఒంటరితనం పగవాళ్ళకి కూడా వద్దు.

మాకా బాధ లేదు. పోయిన నెల నేనూ మా చెల్లెలూ నగరానికి వెళ్ళి, చవగ్గా దొరికిన ఒక హాస్టల్లో దిగాం. యాప్‌లో ఫోటోలు చూస్తే పూలకుండీలు, రంగురంగుల దిండ్లు, పకపకా నవ్వుతున్న జనం. అంతమంది అంతలా నవ్వుతున్నారంటే ఏదో ఉందనుకున్నాం. ఉంది కూడాను.

అసలు వెళ్ళింది దాని ఇంటర్వ్యూ కోసం. అది అకౌంట్స్‌లో దిట్ట. పనిచేసే కంపెనీ మూతపడి ఏడాదైంది. అప్లికేషన్లు పెట్టగా పెట్టగా ఇన్నాళ్ళకి ఒక్కచోటి నుంచి పిలుపొచ్చింది. "భయమేస్తోందక్కా, నువ్వూ రా" అంది. చిన్నప్పుడు చీకట్లో కూడా అది నన్ను తోడు పిలిచిన పాపాన పోలేదు. వెళ్ళక చస్తానా?

కౌంటర్ దగ్గర ముప్పై దాటిన గడ్డం ఆసామి ఒకడు జుట్టు ముడేసుకుని కూర్చున్నాడు.

"మేనేజర్‌గారు మీరేనా?" అన్నాను.

"మేనేజరేంటక్కా! ఈ ఇంటికి పెద్దకొడుకుననుకోండి. ఇది హాస్టల్ కాదు, మీ ఇల్లే! ఇక్కడ కస్టమర్లుండరు, అందరం ఫ్యామిలీయే" అన్నాడు.

చూశారా! ఇన్నేళ్ళుగా తమ్ముడు లేని లోటు ఒక్క ఆన్‌లైన్ బుకింగ్‌తో తీరిపోయింది.

"మరి తువ్వాళ్ళు ఎక్కడుంటాయి బాబూ?" అన్నాను.

"మనింట్లో ఎవరి తువ్వాలు వాళ్ళదే కదక్కా!"

నిజమే. నేనే పరాయిదానిలా అడిగాను. సిగ్గేసింది.

గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళం. రైల్లో బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి మంచాలు. నా పై మంచంలో ఊళ్ళు తిరిగే పిల్ల ఒకతి తన తడి మేజోళ్ళు సరిగ్గా నా ముక్కు మీదకి వేలాడేలా ఆరేసింది. తప్పేముంది? ఎవరింట్లో వాళ్ళు బట్టలు ఆరేసుకోరా? ఎదురు మంచం ఆవిడ ఫోన్ స్పీకర్లో పెట్టి మొగుడితో పోట్లాడింది. ఏడుగురం శ్రద్ధగా విని, తప్పు ఆయనదేనని తీర్పు కూడా చెప్పేశాం. ఏ స్టార్ హోటల్లో దొరుకుతుందండీ ఈ కాలక్షేపం?

కాఫీ తాగి కప్పు కడుగుదామని వెళితే సింకు నిండా ఎంగిలి కప్పులు.

"ఎవరివివన్నీ?" అని పెద్దకొడుకుని అడిగాను.

"ఫ్యామిలీవి అక్కా" అన్నాడు, చల్లగా.

కడిగాను. ఇంటి ఆడపడుచుని కదా!

ఇక బాత్‌రూమ్. మొత్తం అంతస్తుకి ఒక్కటే. దానికి గడియ లేదు. ఊడిపోయిన గడియ బిగించడానికి ఒక్క మేకు, ఒక్క సుత్తి చాలు. అదే మాట చెబితే పెద్దకొడుకు నొచ్చుకున్నాడు. "మన మధ్య గడియలేంటక్కా? నమ్మకం ఉండాలి గానీ!"

ఆ నమ్మకానికి తోడుగా ఆ ఇంట్లో ఒక పద్ధతి పెట్టారు. లోపలున్నవాళ్ళు పాడుతూ ఉండాలి. పాట వినిపిస్తే బయటివాళ్ళు తలుపు తొయ్యరు. తలుపు మీద రంగు అక్షరాలతో రాసి, పక్కన పువ్వుల బొమ్మ కూడా వేశారు. చూడండి, ఎంతటి కళాపోషణో! మా చెల్లెలికి పాటలు రావు. ఆ సాయంత్రం అది ముఖం కడుక్కుంటూ ఇంటర్వ్యూ జవాబులే గొంతెత్తి అప్పజెప్పింది. "నా బలాలు! ఓర్పు! క్రమశిక్షణ!" అంటూ లోపలి నుంచి అరుస్తుంటే, బయట తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన చప్పట్లు కొట్టాడు.

తెల్లారింది. ఇంటర్వ్యూ పదింటికి. బాత్‌రూమ్‌లో గిటారు పట్టుకు తిరిగే ఆసామి దూరాడు. గొంతు బాగుంది, వద్దనను. కానీ ఒక పాట అయ్యాక ఇంకో పాట, అది అయ్యాక మొదటి పాటే మళ్ళీ! ఎలాగో బయటికొచ్చి, "గీజర్ పోయిందండీ" అని శుభవార్త చెప్పాడు. చెల్లెలి తెల్ల చొక్కా బ్యాగులో నలిగి చుట్టలు చుట్టుకుపోయింది. ఇస్త్రీ పెట్టె ఆఫీసు గదిలో ఉందట. ఆఫీసు పదింటికి తెరుస్తారట! ఈలోగా అందరూ హాల్లో గుండ్రంగా కూర్చుని, ఈ ఇంట్లో తమకి నచ్చినదేమిటో ఒక్కొక్కరూ చెప్పాలట. అది అయితేనే టిఫిను.

చెల్లెలు చొక్కా పట్టుకుని మంచం మీద కూలబడింది. "ఈ చొక్కాతో వెళితే గేటు దగ్గరే పంపేస్తారక్కా. ఏడాదికి వచ్చింది ఇదొక్కటే" అంది. కళ్ళలో నీళ్ళు.

దాని కళ్ళలో నీళ్ళు చూస్తే నేను మనిషిని కాను. అయితే కోపం తెచ్చుకోలేదు సుమా. ఆలోచించాను. ఇది మా ఇల్లు. వీడు మా తమ్ముడు. మరి ఇంట్లో అక్క ఏం చేస్తుంది?

తిన్నగా వెళ్ళి ఆఫీసు వెనకాల ఉన్న పెద్దకొడుకు గది తలుపు తోశాను. ఆహా! గీజర్ ఎర్ర లైటుతో వెలుగుతోంది. ఇస్త్రీ పెట్టె బల్ల మీద ఉంది. బాత్‌రూమ్ తలుపుకి నిగనిగలాడే గడియ!

"తమ్ముడూ, లే నాన్నా. చెల్లికి ఇంటర్వ్యూ ఉంది. అది నీ బాత్‌రూమ్‌లో స్నానం చేస్తుంది. నువ్వీ చొక్కా ఇస్త్రీ చెయ్యి. కాలరు జాగ్రత్త."

పెద్దకొడుకు దుప్పటి తన్నేసి లేచాడు. "మేడమ్! ఇది స్టాఫ్ రూమ్! గెస్టులు లోపలికి రాకూడదు మేడమ్!"

"అదేంట్రా, ఇది మన ఇల్లు కాదూ?"

"రూల్స్ మేడమ్!"

ఒక్క రాత్రిలో అక్కని కాస్తా మేడమ్‌నైపోయాను. ఈలోగా చెల్లెలు లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. పాట లేదు, పద్యం లేదు, హాయిగా నీళ్ళ చప్పుడు. ఆ చప్పుడు విని గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. మేజోళ్ళ పిల్ల, మొగుడితో పోట్లాడినావిడ, చప్పట్ల పెద్దమనిషి, అందరి భుజాల మీదా తువ్వాళ్ళే! "తమ్ముడూ, నీ దగ్గర వేడినీళ్ళున్నాయా?" అని పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా అడిగాడు. పెద్దకొడుకు వాళ్ళ వంక చూశాడు, నా వంక చూశాడు, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టాడు. చొక్కా చక్కగా చేశాడు, అబద్ధమెందుకు!

చెల్లెలు మడత నలగని చొక్కాతో వెళ్ళింది. ఉద్యోగం తెచ్చుకుంది! నన్ను మాత్రం 'కుటుంబ వాతావరణానికి భంగం కలిగించినందుకు' యాప్‌లోంచి తీసేశారు. సొంతవాళ్ళే వెలివేస్తే ఆ బాధ ఎవరికి చెప్పుకోను?

మొన్న అది ఉద్యోగంలో చేరింది. చీకటిపడ్డాక ఆఫీసు నుంచే ఫోన్ చేసింది.

"ఎలా ఉందే?" అన్నాను.

"అందరూ మంచివాళ్ళేనక్కా" అని గొంతు తగ్గించింది. "ఇంటికి ఎన్నింటికి వెళ్ళొచ్చు సార్ అని అడిగాను. 'ఇది మాత్రం మీ ఇల్లు కాదా అమ్మా?' అన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది ఏడిచి తెచ్చుకున్న ఉద్యోగం, మానెయ్యవే అని ఏ నోటితో చెప్పను?

అందుకని అయ్యా, అమ్మా, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. మనుషుల్ని శుద్ధ పరాయివాళ్ళలా చూసి, వేళకి పని చెప్పి, వేళకి ఇంటికి పంపించే ఆఫీసు మీ ఎరుకలో ఎక్కడైనా ఉంటే చెప్పండి. మా చెల్లెలికి కావలసింది ఉద్యోగం. అక్కని నేనున్నాను.