టాప్ లేని కారు, కరువు లేని ఊరు

మా ఊరి కరువును పోగొట్టింది వాన కాదు. కాలువ కాదు, బోరు కాదు, పూజారి చేసిన వరుణయాగం అంతకన్నా కాదు. ఒక జర్మనీ కారు. అదీ టాప్ లేనిది!

నవ్వకండి. మా ఊళ్లో ఇప్పుడు కరువు లేదు. ఈ మాట నాది కాదు, ముద్ర వేసిన కాగితానిది. డెబ్బై ఏళ్లుగా ఎవరి వల్లా కాని పనిని ఆ కారు ముప్పావుగంటలో చేసిపెట్టింది. ఎలా చేసిందో చెప్తాను. ఆ తర్వాత ఊరికొకటి చొప్పున అలాంటి కార్లు కావాలని మీరే అర్జీ పెట్టుకుంటారు.

అసలు టాప్ లేని కారు విలువ మనవాళ్లకు తెలియదు. మా కుందుర్పి వైపు బండికి టాప్ ఎందుకండీ? గొడుగు కొన్నవాడికి మతి చలించిందేమోనని బంధువులు వచ్చి చూసిపోయే ప్రాంతం మాది. మా నేల ఎప్పుడూ చూడకుండానే మా నేలకు సరిపోయే బండి తయారుచేశారంటే ఆ జర్మనీ ఇంజనీర్లకు రెండు చేతులా దండం పెట్టాలి!

ఏసీ కారుకు ఒక గుణముంది. లోపల కూర్చున్నవాడికి బయట ఎప్పుడూ చల్లగానే ఉన్నట్టుంటుంది. రోడ్డు పక్కన మనిషి అరిచినా పాట పాడుతున్నట్టు కనిపిస్తాడు. టాప్ లేని కారులో ఆ సౌకర్యం లేదు. ఎండ నెత్తిమీద, దుమ్ము పళ్ల మధ్య. ఎవరైనా పిలిస్తే వినబడి తీరుతుంది!

ఇక సంగతికి వస్తాను.

పోయిన అక్టోబరు. వేరుశనగ విత్తాక రెండే వానలు. ఆ తర్వాత యాభై రోజులు ఆకాశం మాతో మాట్లాడలేదు. పశువులకు గడ్డి క్యాంపు ఏయే ఊళ్లలో పెట్టాలో చూడటానికి కరువు బృందం వస్తోందని కబురొచ్చింది. జాబితాలో ఊరి పేరుంటే పశువుకు గడ్డి, తొట్టిలో నీళ్లు. లేకపోతే పశువుకు సంత.

ఈ ముక్క ఊరందరికంటే ఓబన్నకు బాగా అర్థమైంది. అతనికి రెండు ఎద్దులు. ఆ రోజుకు వామిలో మిగిలిన గడ్డి తొమ్మిది రోజులకు వస్తుంది. ఆ ఎద్దులను దూడలప్పటి నుంచి సాకింది అతని భార్య తిప్పమ్మ. ఓబన్న గొంతు చించుకుని అదిలించినా అవి కదలవు. తిప్పమ్మ గాజులు గలగలమంటే చాలు, ఎక్కడున్నా తల తిప్పి చూస్తాయి.

మా ఊరి పెద్దమనిషి సుంకప్ప. కరువు బృందాలను ఆపడంలో నలభై ఏళ్ల అనుభవం. ఆయన పద్ధతి ఆయనకుంది. పొద్దున్నే అందరినీ కళ్యాణదుర్గం రోడ్డు మీదికి తెచ్చి వరసగా నిలబెట్టాడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ముందు. మగవాళ్లు వేళ్లతో సహా పీకిన వేరుశనగ చెట్లు పట్టుకుని వెనక. పెద్ద అధికారి మెడకు ఒక బంతిపూల దండ.

“ముందే చెప్తాండా. పండ్లు బయటపెట్టి నవ్వినోడి ఎద్దుకు క్యాంపులో గడ్డి లేదు” అని హెచ్చరించాడు.

ఎనిమిది నుంచి పదకొండు దాకా నిలబడ్డాం. ముఖాలు దిగాలుగా పెట్టమని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు కనిపించింది. వెండి రంగు. పొట్టి బండి, పొడుగు ముక్కు, నెత్తి లేదు. లోపల తెల్లజుట్టాయన ఒక్కడే, మెడకు రుమాలు. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మెల్లగా వచ్చి సరిగ్గా మా ముందు దానంతటదే ఆగింది!

ఇన్నేళ్లలో ఏ బృందమూ దానంతటది ఆగలేదు. సుంకప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. తెల్లజుట్టాయన దిగి బానెట్ దగ్గరికి రాగానే దండ వేయబోయాడు. ఆయన తల వంచి ఆవిరి వైపు చూసేసరికి దండ కారు ముందున్న నక్షత్రం గుర్తు మీద పడింది. ఓబన్న తన చేతిలోని చెట్లను బానెట్ మీద పరిచాడు. చూసి మిగతావాళ్లూ పరిచారు.

ఆయన ఆ చెట్లను చూశాడు, మమ్మల్ని చూశాడు, ఎండిన గొంతుతో అన్నాడు, “నీళ్లు కావాలప్పా.”

“మేం చెప్పేది కూడా అదే సార్!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

కావలసింది ఆయనకు కాదు, రేడియేటర్‌కు. వేడి తగ్గేదాకా అరగంట మూత తీయకూడదట. తిప్పమ్మ ఇంటికి పోయి దాచుకున్న బిందె తెచ్చింది. మా ఊరికి నీళ్లు మూడు రోజులకొక పూట.

“మనుషులకే చాలక సస్తాంటే బండికి పోయల్ల! పోనీలే, నోరు లేని జీవం” అంది తిప్పమ్మ.

“నోరు లేకపోవడమేమి? ఆ బుసలు చూడు” అన్నాడు సుంకప్ప.

“ఏమి సార్, టాప్ యాడ?” అడిగాడు ఓబన్న.

“ఇంట్లో పెట్టి వచ్చినా.”

“వానొస్తే?”

అడిగింది ఓబన్నే. ముందు నవ్విందీ ఓబన్నే. క్యాంపు గడ్డి సంగతి మరిచిపోయి అందరం పండ్లు బయటపెట్టాం.

అరగంట ఊరికే కూర్చోవడమెందుకని ఓబన్న చేను చూడమన్నాడు. ఆయన వచ్చాడు! బూట్లతో చేనులోకి దిగాడు. కింద కూర్చుని తన చేత్తో చెట్టు పీకాడు. మూడు కాయలు. ఒలిచి చూశాడు. ఒకదాంట్లో గింజ, రెండు లొట్టలు.

“ఎంత తేలిక!” అన్నాడు. “మా బండి పేరులో ఎస్, ఎల్ అని రెండక్షరాలు ఉండాయి. జర్మనీ భాషలో ఆ మాటే. మహా తేలిక అని.”

కాయ తేలికగా ఉంటే వాళ్లకు గొప్పట! మేం ఎంత వెనకబడి ఆలోచిస్తున్నామో అప్పుడు తెలిసింది.

సుంకప్ప మర్యాదకు, “ఎప్పటిది సార్ ఈ బండి?” అన్నాడు. ఆ ప్రశ్నకు ఆయన ముఖం, వానపడ్డ మడిలా వెలిగింది. నాది అరవై ఎనిమిది మోడల్ అంటూ మొదలుపెట్టి, వంశం మొదటికి పోయాడు. ఆయనకు కారు చరిత్ర చెప్పాలి. ఓబన్నకు కరువు చరిత్ర చెప్పాలి. గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

“ఈ వంశంలో మొదటి బండి పందేల కోసం చేసినారు. యాభై రెండులో.”

“అదే ఏడు సార్ మా ఊర్లో గంజి కేంద్రం పెట్టినారు! మా నాయన ముంత పట్టుకొని నిలబడినాడంట.”

“యాభై నాలుగులో వచ్చిన దానికి తలుపులు పైకి లేస్తాయి. పక్షి రెక్కలు ఇప్పినట్టు.”

“మా గొడ్లు పడిపోయినప్పుడు రాబందులు అట్లే ఇప్పుతాండె” అన్నాడు సుంకప్ప.

యాభై ఏడులో ఆ రెక్కలు తీసేసి, మామూలు తలుపులు పెట్టి, టాప్ లేని బండి చేశారట. అరవై మూడులో కొత్తది. దానికి పెట్టుకునే టాప్ నడుమ పల్లంగా ఉంటుందట. నులక మంచం కుంగినట్టు. దానికి గుడి కప్పు అని ముద్దుపేరు! మా ఇళ్లల్లో చాలా కప్పులు నడుమ కుంగే ఉన్నాయి. ఎవరూ ముద్దుపేరు పెట్టలేదు. ఆ కాలంలో మాకు ముప్పై అడుగుల్లో నీళ్లు, ఎద్దులతో కపిలె తోలి తోడేవాళ్లమని ఓబన్న చెప్పాడు.

“డెబ్బై ఒకటిలో ఇంకొకటి వచ్చె. పద్దెనిమిదేండ్లు ఆ మోడల్ మార్చలే!”

“మా కరువూ అంతే సార్. మోడల్ మార్చలే.”

“ఎనభై తొమ్మిది బండి ఉండాదే, అది బోల్తా పడేటట్టుంటే తల వెనకాల ఒక కడ్డీ దానంతటదే లేస్తాది. మనిషి బతికిపోతాడు.”

ఓబన్నకు ఎనభై తొమ్మిది గుర్తుంది. బావి ఎండి, మూడు వందల అడుగుల బోరు వేసిన కాలం అది. ఇప్పుడు తొమ్మిది వందలు.

“అట్లాంటి కడ్డీ రైతుకు ఎవురూ పెట్టలేదే సార్?”

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, చెట్టుకు ఎన్ని కాయలు, ఎన్ని లొట్టలు, బోరు ఎంత లోతు, అన్నీ రాసుకున్నాడు. తర్వాత ఓబన్నను కారు పక్కన నిలబెట్టి, చేతికి ఒక చెట్టు ఇచ్చి ఫోటో తీశాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి చేను దాకా వచ్చి ఎద్దుల పేర్లు కూడా అడిగాడు. మేమంతా ఆయన వెంట అటూ ఇటూ.

సుంకప్ప ఆనందం పట్టలేక అడిగాడు. “ఇంతకీ తమరిది ఏ డిపార్ట్‌మెంట్ సార్?”

“నాదా? రిటైర్ అయినా అప్పా. పేరు ఉదయ్ కుమార్. బెంగళూరులో మాది పాత కార్ల క్లబ్బు. రాయదుర్గం చూసుకొని ఇట్ల పోతాండా.”

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది.

మూడు తెల్ల కార్లు. నల్ల అద్దాలు.

రోడ్డు పక్కన మనుషులెవరూ లేరు. అందరం చేనులో ఉన్నాం. వెండి కారు ఒక్కటే ఉంది, మెడలో దండ, ఒంటి మీద కొమ్మలు, పెళ్లికొడుకులా. తెల్ల కార్లు ఆగలేదు. వేగం తగ్గింది, అంతే. ఒక అద్దం నాలుగు వేళ్లంత దిగింది. ఒక ఫోన్ బయటికొచ్చి, కారును ఫోటో తీసి, లోపలికి పోయింది. అద్దం లేచింది.

“ఓ సారూ! ఈడ! ఈడుండాము!” అని సుంకప్ప పరుగెత్తాడు. డెబ్బై దాటిన మనిషి. చెప్పు తెగింది, ఆగలేదు. ఓబన్న చెట్టు పట్టుకుని ఆయన్ని దాటిపోయాడు. దుమ్ము మాత్రం దొరికింది.

ఉదయ్ కుమార్ “ఎక్కండి, పట్టుకుందాం!” అన్నాడు. రేడియేటర్ ఇంకా ఖాళీ. ఆ పెద్దాయన స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. “నా వల్లే కదమ్మా” అన్నాడు.

తిప్పమ్మ బిందె వంచి నీళ్లు పోస్తూ అంది. “నీదేమి తప్పప్పా. నువ్వు దిగితివి. దిగినోళ్ల మింద మాకేం కోపం?”

తొమ్మిది రోజుల గడ్డిని ఓబన్న పన్నెండు రోజులు సాగదీశాడు. పన్నెండో రోజు జాబితా వచ్చింది. మా ఊరు లేదు.

సుంకప్ప, ఓబన్న, నేను ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి రిపోర్ట్ తీసి చదివాడు. “గ్రామంలో ఖరీదైన విదేశీ స్పోర్ట్స్ కారు కనిపించింది. పూలతో, పచ్చని కొమ్మలతో అలంకరించి వేడుక జరుపుకుంటున్నారు. ప్రజల పరిస్థితి సంతృప్తికరం. కరువు లక్షణాలు లేవు.”

చూశారా! పాఠకులారా, నేను మొదట చెప్పిన మాట అబద్ధమా?

“కరువుందని మీ దగ్గర రుజువేమైనా ఉందా?” అని అడిగాడాయన. మా దగ్గర ఉన్నది ఒక్కటే. ఉదయ్ కుమార్ పోస్టులో పంపిన ఫోటో, వెనక ఆయన చేతిరాతతో కాయల లెక్క. ఓబన్న దాన్ని బల్లమీద పెట్టి, ఫోటోలో తన చేతిలో ఉన్న చెట్టును వేలితో చూపించాడు.

అధికారి వంగి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూశాడు. మాలో ఆశ పుట్టింది.

“ఇది ఏ మోడలు?”

“అరవై ఎనిమిది సార్” అన్నాడు ఓబన్న.

ఆయన మాకు కుర్చీలు వేయించాడు! టీ తెప్పించాడు! ఓబన్న చెప్పసాగాడు. యాభై రెండు పందేలు, యాభై నాలుగు రెక్కలు, అరవై మూడు గుడి కప్పు, ఎనభై తొమ్మిది కడ్డీ. ఒక్కటి తప్పలేదు. తెలివిగలవాడు కనుక నడుమ నడుమ గంజి కేంద్రం, కపిలె, తొమ్మిది వందల అడుగుల బోరు కూడా ఇరికించాడు. అవి వచ్చినప్పుడు మాత్రం ఆయన ఫోన్ చూసుకున్నాడు.

ఫోటో తిరగేసి వెనకనున్న కాయల లెక్క మాత్రం చూడలేదు.

“జాబితా ఖరారైపోయింది. వచ్చే ఏడు చూద్దాం” అని లేచాడు. వాకిలి దాకా వచ్చి, “ఆ కారు మళ్లీ వస్తే మాత్రం నాకు ఫోన్ చేయండి” అన్నాడు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఇది. ఊరికొక టాప్ లేని కారు ఇప్పించండి. రోడ్డు పక్కన పెట్టి ఒక దండ వేస్తే చాలు, జిల్లా మొత్తానికి ఒక్క పూటలో కరువు పోతుంది. అన్ని కార్లు కొనడం కష్టమంటే, మూడు కొనండి. ఆ తెల్ల కార్లు వెనక్కి తీసుకుని వాటి బదులు బృందానికి ఇవ్వండి. నీళ్లు మాత్రం పోయకుండా పంపండి. మా ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆగుతాయి.

ఆ శనివారం ఓబన్న ఎద్దులు సంతకు పోయాయి. తిప్పమ్మ వాకిట్లో నిలబడింది. రెండు చేతులకూ కొంగు గట్టిగా చుట్టుకుంది, గాజులు చప్పుడు కాకుండా.

ఎద్దుల కొట్టం ఖాళీగా ఉంది. పదిహేను అడుగుల పొడుగు, తూర్పు వాకిలి, పైన టాప్ కూడా ఉంది. మా ఊళ్లో కారుందని కాగితంలో రాసేశారు కదా! రేపెవరైనా తనిఖీకి వచ్చి యాడ పెట్టినారని అడిగితే చూపించాలి. ఓబన్న రోజూ పొద్దున్నే లేచి ఊడ్చి పెడుతున్నాడు.