చెదల మీద తిరుగుబాటు

తన జీవితంలో మొదటిసారి ఒక పుస్తకాన్ని చివరిదాకా పూర్తి చేయబోతున్నానని, అది కూడా తానే రాసి పూర్తి చేయబోతున్నానని సాంస్కృతిక శాఖ మంత్రిగారు పత్రికల వాళ్లను పిలిచి ప్రకటించారు. అది చారిత్రక నవల అనీ, అందులో ప్రేమ, కళాసేకరణ, విప్లవం సమపాళ్లలో ఉంటాయనీ సెలవిచ్చారు. క్షణం తీరిక లేని మీరు ఎప్పుడు రాస్తారండీ అని ఒక విలేకరి అడిగితే, "రాయడం ఎంతసేపండీ, అనుభవించడమే కష్టం" అన్నారు. విలేకరులు ఆ మాట రాసుకున్నారు. వెనక వరసలో కూర్చున్న రాతగాడు కూడా రాసుకున్నాడు, ఎందుకంటే నవల రాయవలసింది అతనే.

రాతగాడంటే మంత్రిగారి ఉపన్యాసాలు రాసిపెట్టే ఉద్యోగి. శంకుస్థాపనలకు ఒక రకం, సంతాప సభలకు ఒక రకం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాడు. నవల అనేసరికి గుండె జారిపోయింది. నడుం నొప్పనీ, కళ్లు మసకలనీ చెప్పి చూశాడు. మంత్రిగారు భుజం మీద చెయ్యి వేసి, "పుస్తకం బాగా వస్తే మా ఇంట్లో నీకు నచ్చిన బొమ్మ పట్టుకుపోవయ్యా" అన్నారు. దాంతో నడుం నొప్పి తగ్గిపోయింది.

మంత్రిగారి బంగళాలో గోడలన్నీ బొమ్మలే. విప్లవం రోజుల్లో, అప్పటికి కుర్రకారు నాయకుడిగా ఉన్న ఆయన, రాజభవనంలోవీ ఊళ్లో వాళ్లవీ ప్రజల కోసం బండ్ల మీద తెచ్చి భద్రపరిచారు. ఆ ప్రజలు ఇంకా అడగడానికి రాలేదు కాబట్టి ఆయన దగ్గరే ఉన్నాయి. స్నానాల గదికి వెళ్లే దారిలో, తువ్వాళ్లు తగిలించే కొక్కెం పక్కన, ఒక చిన్న బొమ్మ ఉంది. కొత్తగా పెళ్లయిన పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ ఉంటుంది.

ఆ పిల్ల రాతగాడి అమ్మ. గీసినవాడు నాన్న. దుకాణాలకు బోర్డులు రాసి సంసారం ఈదిన ఆయన, తన కోసమని గీసుకున్నది అదొక్కటే. ఆ ఇంట్లో బొమ్మ ఉందని ఎవరో చెబితే కుర్రాళ్లు వచ్చి దాన్ని కూడా బండెక్కించారు. నాన్న పోయేదాకా దాని కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఆయన రాసిన బోర్డులన్నీ ఎండకు వెలిసిపోయాయి. ఆయన చేతి గీత అంటూ లోకంలో మిగిలింది ఆ బొమ్మే. అందుకే కొడుకు ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అమ్మ రోజూ అడిగేది, "ఇచ్చాడా?" అని.

రాతగాడు పట్టుగా కూర్చుని రాశాడు. ఆకలితో జనం రాజు మీద తిరగబడ్డారు. యువనాయకుడు కోటలోకి దూకాడు. మంటల్లోంచి బొమ్మలు కాపాడాడు. ఆ గందరగోళంలోనే మెడ మీద పుట్టుమచ్చ ఉన్న ఒకమ్మాయిని ప్రేమించాడు. మంత్రిగారు చదివించుకుని కళ్లు తుడుచుకున్నారు. అన్నీ నిజంగా జరిగినట్టే ఉన్నాయని మెచ్చుకున్నారు.

చిక్కల్లా ఆవిష్కరణ సభ దగ్గర వచ్చింది. అధ్యక్షుడు ఆర్థిక మంత్రి, పాత రాజుగారి సొంత మనవడు, ఈ ప్రభుత్వం నిలబడిందే ఆయన మద్దతుతో. కాబట్టి తిరుగుబాటు రాజు మీద ఉండకూడదు. రాతగాడు దాన్ని సైన్యం మీదికి మార్చాడు. సేనాధిపతి ముఖ్య అతిథిగా వస్తానని ఒప్పుకున్నాడు. షావుకార్ల మీదికి మార్చాడు. అచ్చుకు కాయితం ఇస్తున్నది షావుకార్ల సంఘమేనని తేలింది. ఈలోగా మంత్రిగారి భార్య ప్రేమ భాగం చదివి, ఎవరి పుట్టుమచ్చ ఇది అని మెల్లగా అడిగారు. ఆ సాయంత్రానికల్లా నాయకుడి ప్రేమ మొత్తం దేశం మీదికి మళ్లింది. దేశానికి పుట్టుమచ్చలు లేవు.

"మరి తిరుగుబాటు ఎవరి మీద సార్?" అని రాతగాడు దిగాలుగా అడిగాడు.

మంత్రిగారు పాత ఫైలు ఒకటి తిరగేస్తూ ఆలోచిస్తున్నారు. అందులోంచి ఒక చెదపురుగు ఆయన వేలి మీదికి పాకింది. ఆయన దాన్ని ఆప్యాయంగా చూశారు.

"వీటి మీద పెట్టు. వీటికి ఓటు లేదు" అన్నారు.

అలా ఆ దేశ చరిత్రలో చెదల మీద విప్లవం వచ్చింది. రాజభవనానికి చెద పట్టింది. రాజుగారు కంటతడి పెట్టి తానే తలుపులు తీశారు. షావుకార్లు బండ్లిచ్చారు. సైనికులు నిచ్చెనలు పట్టుకున్నారు. జనం బారులు తీరి వచ్చి, మనిషికొక బొమ్మ దించుకుని కాపాడటానికి ఇళ్లకు తీసుకుపోయారు. చివరి అధ్యాయంలో నాయకుడు మేడ మీంచి చెబుతాడు: "చెద పట్టిన ఇల్లు ఎవరిదని చూడకండి. తలుపు తట్టండి. నమస్కారం పెట్టండి. బొమ్మ దించండి." ఈ మాటలకు మంత్రిగారు ఎంతగా పొంగిపోయారంటే, అట్ట వెనక పెద్దక్షరాలతో వేయించారు. అంతటితో ఆగక, బడులూ ఆఫీసులూ పోలీసు స్టేషన్లూ రోజూ పని మొదలెట్టేముందు నవల పైకి చదవాలని ఉత్తర్వు తీయించారు. కొద్దిరోజుల్లోనే ఊరంతటికీ నవల నోటికొచ్చేసింది.

రాతగాడు చేతులు నలుపుకుంటూ బొమ్మ సంగతి ఎత్తాడు.

"అది తీస్తే గోడ మీద మచ్చ కనబడుతుందయ్యా. మా ఆవిడ ఒప్పుకోదు" అన్నారు మంత్రిగారు. మరీ చిన్నబుచ్చడం ఇష్టంలేక నవల ప్రతి ఒకటి తీసి, 'నా అభిమాన పాఠకుడికి' అని సంతకం చేసి ఇచ్చారు.

ఆ రోజు అమ్మ "ఇచ్చాడా?" అంటే రాతగాడు పుస్తకం చేతిలో పెట్టాడు. ఆమె మొహం చూడలేక వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. నాన్న ముందు దొంగలా నిలబడ్డట్టు అనిపించింది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివింది. చదవడం అయిన మర్నాడు పొద్దున్నే బయటికి వెళ్లే చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికమ్మా?"

"మంత్రిగారింటికి. చెద పట్టింది."

"అమ్మా, నా ఉద్యోగం పోతుందే."

"నువ్వు రాసిందే కదరా చేస్తున్నాను" అంది అమ్మ.

దారిలో దర్జీ ఎక్కడికని అడిగాడు. చెప్పగానే కత్తెర పక్కన పెట్టి వెంట నడిచాడు. అతని తాత బొమ్మ ఒకటి ఆ బంగళా హాల్లో ఉంది. పంతులమ్మ వచ్చింది, మందుల షాపాయన వచ్చాడు. బంగళా చేరేసరికి వీధి నిండిపోయింది. ఎవరూ అరవలేదు. అందరూ కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లారు.

తలుపు తీసిన మంత్రిగారి భార్యకు అమ్మ నమస్కారం పెట్టి, నేరుగా స్నానాల గది దారిలోకి వెళ్లింది. బొమ్మ దించి కాసేపు చూసుకుంది. "నా జడ ఇంత లావుండేదా" అంది. వెనకే నిలబడ్డ రాతగాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉద్యోగం సంగతి ఆ నిమిషానికి మర్చిపోయాడు. ఆమె వెనక తక్కినవాళ్లు వరసగా నమస్కారం పెట్టి, మనిషికొకటి దించుకోవడం మొదలుపెట్టారు.

మంత్రిగారు పోలీసులకు ఫోను చేశారు. ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చి సెల్యూట్ చేశాడు.

"నిచ్చెన తెచ్చాం సార్" అన్నాడు.

ఇది దొంగతనమని మంత్రిగారు గద్దించారు. ఇన్‌స్పెక్టరు వినయంగా కలం తీశాడు. "అలాగే సార్. ఒక్కో బొమ్మా ఎవరి దగ్గర కొన్నారని రాసుకోమంటారు?"

మంత్రిగారు గోడ వైపు చూశారు. గుమ్మంలో విలేకరులు చేరారు, వాళ్ల వైపూ చూశారు. తర్వాత చిరునవ్వు తెచ్చుకుని, దర్జీ దించుతున్న బొమ్మకు తానూ ఒక చెయ్యి వేశారు. ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. రాసిన మాట మీద నిలబడ్డ ఏకైక మంత్రి అని పొగిడారు. అంత పేరు తెచ్చిపెట్టినవాణ్ణి ఉద్యోగంలోంచి తీయడం ఆయనకు కుదరలేదు.

ఇంటికొచ్చాక అమ్మ బొమ్మను కిటికీ పక్కన పెట్టి, దుమ్ము తుడుద్దామని వెనక్కి తిప్పింది. ఫ్రేము పొడుగునా సన్నగా మట్టిగీత పాకి ఉంది. వేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలింది. చెద ఇంకా బొమ్మ దాకా పోలేదు.

"చూశావట్రా," అంది అమ్మ, "మీ మంత్రి పుస్తకంలో నిజం కూడా ఉంది."